దురదకు ట్యూబు రాసే ముందు స్వాబ్ తీసి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. రాష్ట్రం మహారాష్ట్ర అయినా ఇంట్లో, సంతలో, పెళ్లిళ్లలో మేం మాట్లాడేది తెలుగే, మీ పేపర్ కూడా గోదావరి బ్రిడ్జి దాటి మాకు వస్తుంది. నేను ఆడవాళ్ల బచత్ గట్ (పొదుపు సంఘం) పనులు చూస్తుంటాను కాబట్టి దవాఖానకు తోడు రమ్మని పిలిచేవాళ్లు ఎక్కువ, మరాఠీ రానివాళ్లయితే మరీను. అలా వెళ్లిన ప్రతిసారీ కోపం తెప్పించే విషయం ఒకటుంది, అదే రాస్తున్నాను. చదవడానికి కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు, అయినా దయచేసి కత్తిరించకుండా వేయండి.

కింద దురదగా ఉంది, మంటగా ఉంది, బయట తోలు పగులుతోంది అని ఆడమనిషి చెబితే చూసేవాళ్లు లేరు. చూడకుండానే మందు చేతిలో పెడతారు. చాలా ఇళ్లల్లో అయితే ఆ మాట దవాఖాన దాకా కూడా రాదు, మొగుడే మెడికల్ షాపుకి వెళ్లి గొంతు తగ్గించి అడుగుతాడు, షాపాయన ఏదో ఒక ట్యూబు ఇస్తాడు. ఆ ట్యూబుల్లో చాలావాటి మీద మూడు నాలుగు మందుల పేర్లుంటాయి: ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, వాటితో పాటు క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఒకటి. రాసిన రెండు రోజులకే దురద తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది, మళ్లీ అదే ట్యూబు. స్టెరాయిడ్ దురదను అణిచేస్తుంది కానీ ఫంగస్‌ను చంపదు, పైగా ఫంగస్ పాకడానికి దారిస్తుంది.

మా గ్రూపులో ఒక అక్క ఇలాగే ఆ ట్యూబు వాడుతూ వచ్చింది, ఎవరికీ చెప్పలేదు. కూర్చోలేని స్థితికి వచ్చాక నాతో చెప్పింది. ఆమెను తీసుకెళ్లిన చోట డాక్టరమ్మ తెర లాగి, లైటు వేసి చూసింది. తోలు ఉల్లిపొరలా పలచబడి, మడతల్లో ఎర్రగా చీలికలు పడి ఉందని మా ఇద్దరికీ తెలుగులోనే చెప్పింది. పొడవాటి పుల్ల చివర దూది ఉంటుంది కదా, స్వాబ్ అంటారు, దాన్ని సెలైన్‌లో తడిపి చీలికల దగ్గర మెల్లగా తిప్పి తీసింది, లోపలి నుంచి ఇంకో పుల్లతో వేరుగా తీసింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. ల్యాబ్ అమ్మాయి గాజు పలక మీద రాసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెట్టింది, నన్ను కూడా చూడమంది. సన్నటి కొమ్మల్లాంటి పోగులు, వాటి పక్కన చిన్న చిన్న గుండ్రటి మొగ్గలు. క్యాండిడా అనే ఫంగస్ అంది. మళ్లీ మళ్లీ వస్తోందంటే షుగర్ చూడాల్సిందే అని డాక్టరమ్మ రక్త పరీక్ష కూడా రాసింది, షుగర్ బాగా ఎక్కువగా ఉంది. ఆ సంగతి అంతవరకు ఆమెకే తెలియదు. మొదటి ట్యూబు కొన్న రోజునే ఎవరైనా ఇంతపాటి చూసి ఉంటే ఆమె అన్నాళ్లు ఆ మంట పడేది కాదు.

సర్కారు దవాఖానల్లో తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్ ఇస్తారు, సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు. ల్యాబ్ లేని చోట మనిషిని ఉత్త చేతులతో పంపకూడదని పెట్టిన పద్ధతి అది, దాన్ని నేను తప్పుపట్టను, దాంతో బాగైనవాళ్లు ఉన్నారు. కానీ బయట తోలు దురదకూ అదే, సబ్బు పడకో డెటాల్ నీళ్లతో కడుక్కునో వచ్చిన మంటకూ అదే, నెలసరి ఆగిపోయిన పెద్దమ్మలకు తోలు ఎండిపోయి వచ్చే మంటకూ అదే అంటే ఎలా? గర్భిణికి ఆ ఫ్లూకోనజోల్ మాత్ర ఇవ్వకూడదు కూడా, లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్ల ఇస్తారు. చూడకుండా, అడగకుండా ఇస్తే ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు?

పై అధికారులకు గుర్తు చేయాల్సింది ఒకటి ఉంది. మా గడ్చిరోలి జిల్లాలోనే రాణీ బంగ్, అభయ్ బంగ్ డాక్టర్లు రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్ష చేసి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చు వేశారు. 92 శాతం మందికి ఏదో ఒక ఆడవాళ్ల జబ్బు ఉంది, అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నది 8 శాతమే. ప్రపంచమంతా చదివిన లెక్క అది, మా జిల్లా పేరుతో ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మా తాలూకా మూలన ఒక ఆడమనిషి తెర చాటున పడుకుని పరీక్ష చేయించుకోవడం అరుదైన సంగతిగానే ఉందంటే నాకు కడుపు మండుతుంది.

డబ్బు లేక ఇది జరగడం లేదంటే నేను ఒప్పుకోను. మాది మలేరియా జిల్లా, జ్వరం అంటే చాలు వేలి నుంచి రక్తం తీసి గాజు పలక మీద చూసే అలవాటు ఇక్కడ ఎప్పటి నుంచో ఉంది. అదే మైక్రోస్కోప్, అవే పలకలు. లోపలి నుంచి తీసిన స్వాబ్‌కి ఒక చుక్క సెలైన్ వేసి వెంటనే చూస్తే, కలయిక వల్ల అంటుకునే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మమైన పురుగు కదులుతూ కనిపిస్తుంది, ఆలస్యం చేస్తే కదలిక ఆగిపోయి దొరకదు, అందుకే ఈ పరీక్ష 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా కేంద్రానికి పంపేది కాదు, అక్కడికక్కడే చేయాల్సింది. లోపలి తడికి పీహెచ్ కాగితం (పులుపు ఎంతుందో చూపే కాగితం) పెట్టి 4.5 దాటిందా అని చూడటానికి కరెంటు కూడా అక్కర్లేదు. కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) అవసరమైతే అప్పుడు పెద్ద ల్యాబ్‌కి పంపొచ్చు, మామూలు మందుకు లొంగని ఫంగస్ అయితే అది తప్పదు.

అలాగని స్వాబ్ తీస్తే అన్నీ తేలిపోతాయని కూడా ఎవరూ అనుకోవద్దు. బయటి తోలు మీద నుంచి తీసిన స్వాబ్‌లో ఎవరికైనా ఏవో బాక్టీరియాలు పెరుగుతాయి, ఈ కోలై అని రిపోర్టులో కనపడగానే యాంటిబయాటిక్ కోర్సు రాసేస్తే అది ఇంకో అన్యాయం. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా కొందరికి క్యాండిడా ఉంటుంది. మైక్రోస్కోప్‌లో కనపడలేదు కాబట్టి ఏమీ లేదనడమూ తప్పే. తామర అని అనుమానం ఉంటే పుల్లతో కాదు, తోలు పైపొట్టు గీకి చూడాలి. నీటి పొక్కులు, పుండ్లు ఉంటే పుండు అడుగు నుంచి తీసిన స్వాబ్‌ను హెర్పిస్ పీసీఆర్‌కి పంపాలి, సిఫిలిస్‌కి రక్త పరీక్ష కూడా చేయాలి. తోలు తెల్లగా మచ్చలు పట్టి గట్టిపడితే చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి, ఎందుకంటే కాన్సర్ స్వాబ్‌లో దొరకదు. అందుకే ముందు కళ్లతో చూడమంటున్నాను.

ఆశా తాయిలకు (ఆశా కార్యకర్తలకు), నర్సులకు ఇది చెప్పి శిక్షణ ఇవ్వండి. వారంలో ఒక రోజు, అది సంత రోజైతే ఇంకా మంచిది, ఆడ డాక్టరో శిక్షణ ఉన్న నర్సో తెర ఉన్న గదిలో కూర్చోవాలి, తెలుగు వచ్చిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. మొగుణ్ణి అత్తని బయట కూర్చోబెట్టాలి, వాళ్ల ముందు ఎవరు నోరు విప్పుతారు? మొగుడికి కూడా చికిత్స కావాల్సిన జబ్బయితే ఆ మాట డాక్టరే ఆయనకు చెప్పాలి, ఆమె మీదకి నెట్టొద్దు. ఊళ్లో తిట్లు తినేది ఆమే.

మీ ఆడవాళ్ల పేజీలో ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాల్లో వేస్తే చాలామందికి పనికొస్తుంది: పరీక్షకు వెళ్లే ముందు రెండు రోజులు క్రీములు, లోపల పెట్టుకునే బిళ్లలు వాడొద్దు, లోపల కడుక్కోవద్దు, ముందురోజు రాత్రి కలయిక వద్దు, వాడిన ట్యూబు ఖాళీదైనా సరే డాక్టరుకి చూపించడానికి సంచిలో వేసుకెళ్లండి.

– ఒక పాఠకురాలు, సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా