టూవీలర్ మెకానిక్కుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సంఘ సభ్యులైన మెకానిక్ సోదరులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు ఈ నివేదిక ఉంచుతున్నాను. నెలవారీ సమావేశాలు, గుర్తింపు కార్డుల రెన్యువల్, దసరా ఆయుధపూజ ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, ఇక్కడ తిరగరాయడం లేదు. ఈసారి మన సంఘానికి పేరు తెచ్చిన పని సెప్టెంబర్ 17న విశ్వకర్మ జయంతి నాడు బండ్ల వణుకు (వైబ్రేషన్) మీద పెట్టిన శిబిరం. అందులో చేసి చూపించిన పని, శిబిరానికి రాని సభ్యులకు కూడా అందాలని వివరంగా రాస్తున్నాను.

ఈ అంశమే ఎందుకంటే, మన షెడ్లలో ఎక్కువ గొడవలు దీని మీదే వస్తున్నాయి. "హాఫ్ ఇంజన్ (సిలిండర్, పిస్టన్ పని) చేయించాను, బండి ముందుకన్నా ఎక్కువ వణుకుతోంది" అని కస్టమర్ వస్తాడు. మనలో కొందరు వెంటనే ఇంజన్ దించి క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) విప్పేస్తారు. డబ్బూ, ఒక రోజు పనీ పోయాక చూస్తే తప్పు ఇంజన్ని ఫ్రేముకి బిగించే మౌంటింగ్ బోల్టులో ఉంటుంది. బయట చూడాల్సినవన్నీ చూశాకే క్రాంక్ కేసు మీద పానా పెట్టాలన్నది శిబిరం తీర్మానం. దీన్ని సభ్యులందరూ పాటించాలి.

ఒంటి సిలిండర్ ఇంజన్‌లో కొంత వణుకు పుట్టుకతోనే ఉంటుంది. పైకీ కిందికీ పోయే పిస్టన్ బరువుకి ఎదురుగా క్రాంక్‌కి బరువు పెడతారు. దాన్ని పూర్తిగా సరిపెడితే వణుకు పోదు, నిలువుగా ఉన్నది అడ్డంగా తిరుగుతుంది. అందుకే కంపెనీ కొంత భాగమే సరిపెట్టి మధ్యస్థంగా వదులుతుంది. బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉన్న మోడళ్లలో ఆ మిగిలిన దాన్ని షాఫ్ట్ తగ్గిస్తుంది. ఆ ఇంజన్లు బిగించేటప్పుడు బ్యాలెన్సర్ గేరు మార్కు, క్రాంక్ గేరు మార్కు కలవాలి. ఒక్క పన్ను తప్పినా కొత్త పార్టులన్నీ వేసిన ఇంజన్ పాతదానికన్నా ఘోరంగా వణుకుతుంది.

బరువు లెక్క బోర్డు మీద వేసినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. 97.2 సీసీ స్ప్లెండర్ ఇంజన్ స్ట్రోక్ 49.5 మి.మీ. నిమిషానికి 6000 చుట్ల దగ్గర, పిస్టన్ వైపు ఉన్న ప్రతి 100 గ్రాముల బరువూ స్ట్రోకు చివర సుమారు 100 కిలోల బలంతో లాగుతుంది. అంటే బోరింగ్ (సిలిండర్ లోపల కోసి వెడల్పు చేయడం) తర్వాత వేసిన పిస్టన్ పాతదానికన్నా 10 గ్రాములు బరువైతే, అదనంగా 10 కిలోల బలం సెకనుకి 100 సార్లు ఇంజన్ని కుదుపుతుంది. వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఊళ్లో బాగానే ఉన్న బండి హైవే ఎక్కగానే చేతులు తిమ్మిరెక్కించడానికి ఇదే కారణం.

కాబట్టి ఓవర్‌సైజ్ పిస్టన్ 0.25 మి.మీ. అయినా 0.50 మి.మీ. అయినా వేసేముందు తూచండి. పాత పిస్టన్ మసి గీకి, పిన్ను, రింగులు, సర్క్లిప్పులతో కలిపి ఒకసారి, కొత్త సెట్టు ఒకసారి, గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా మీద పెడితే రెండు నిమిషాల పని. తేడా ఐదు గ్రాములు దాటితే షాపులో ఇంకో సెట్టు అడగండి. కొందరు లోపల గ్రైండ్ చేసి బరువు దించుతున్నారని తెలిసింది. దయచేసి అది మానండి, పిన్ను కూర్చునే చోట (పిన్ను బాస్) గోడ పల్చబడి పిస్టన్ పగులుతుంది.

ఇక తప్పు ఎక్కడుందో పట్టే పద్ధతి. ముందు కస్టమర్‌ని అడగండి: ఏ వేగంలో, ఏ గేరులో, ఎక్కడ తెలుస్తోంది, హ్యాండిల్లోనా, ఫుట్‌రెస్టులోనా, సీటులోనా? తర్వాత సెంటర్ స్టాండు వేసి న్యూట్రల్లో మెల్లగా రేజ్ చేయండి. నిలబడి ఉన్నప్పుడే వణికితే ఇంజన్ వైపు. నడిపినప్పుడే వస్తుంటే ఖాళీ రోడ్డు మీద 50 దగ్గర క్లచ్ పట్టి ఎక్స్‌లరేటర్ వదలండి. అప్పుడు ఆగిపోతే ఇంజన్ లేదా చైన్ లాగుడు, ఆగకపోతే చక్రం, టైరు, రిమ్ము. ఏ గేరులోనైనా ఒకే రోడ్డు వేగం దగ్గర వస్తుంటే చక్రం, చైన్ వైపు చూడాలి. ఒకే ఇంజన్ చుట్ల దగ్గర వస్తుంటే ఇంజన్, దాని మౌంటింగులు.

మౌంటింగ్ చూడటం శిబిరంలో అందరి చేతా చేయించాం. ఇంజన్ స్లోలో (ఎక్స్‌లరేటర్ తిప్పకుండా నడిచే వేగంలో) పెట్టి, వేలి కొన సగం ఫ్రేము మీద, సగం బ్రాకెట్ మీద, అతుకు దగ్గర ఆనించాలి. బిగువుగా ఉంటే రెండూ ఒక్కటిగా కదులుతాయి. వదులైతే వేలి కింద ఒకటి ముందు, ఒకటి వెనక తేడా తెలుస్తుంది. బోల్టు తల చుట్టూ ఎర్రటి మెత్తని తుప్పు పొడి కనబడితే అక్కడ చాలాకాలంగా రాపిడి జరుగుతోందని అర్థం. ఆ బోల్టు తీసి చూడండి, మధ్యలో అరిగి సన్నబడి ఉంటుంది.

తప్పు దొరికాక ఆ ఒక్క బోల్టునే బిగించి పంపకండి. ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టి బరువు మోయించి, మౌంటింగ్ బోల్టులన్నీ వదులు చేయాలి. సైలెన్సర్ రెండు చివర్లూ వదులు చేయాలి. బోల్టులన్నీ చేత్తో తిరగాలి. సుత్తితో దూర్చాల్సి వస్తే ఇంజన్ వంకరగా కూర్చుందని లెక్క. నట్లు అన్నీ చేత్తో పట్టించి, కంపెనీ మాన్యువల్లో ఉన్న టార్క్‌కి బిగించండి. తల మీద 8.8 అని ఉన్న 8 ఎంఎం బోల్టుకి సాధారణంగా రెండు నుంచి రెండున్నర కేజీ-మీటర్లు. హెడ్ హ్యాంగర్ (ఇంజన్ పైభాగాన్ని ఫ్రేముకి పట్టే బ్రాకెట్) ఉన్న మోడల్లో దాన్ని ఇంజన్ కూర్చున్నాకే బిగించాలి, సైలెన్సర్ అన్నిటికన్నా చివర. సైలెన్సర్‌ని లాగి పట్టి బిగిస్తే ఆ ఒత్తిడి వణుకుని నేరుగా ఫుట్‌రెస్టులోకి తెస్తుంది. మధ్యలో కాలర్ (గొట్టపు ముక్క) ఉన్న చోట కాలర్ వేయకుండా వాషర్లు పేర్చడం, పెద్ద రంధ్రంలో సన్న బోల్టు వేయడం, ఫ్రేముకి గట్టిగా బిగించాల్సిన ఇంజన్‌కి సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టడం మూడూ తప్పే. రబ్బరు పెట్టిన నాడు వణుకు తగ్గినట్టే ఉంటుంది. తర్వాత బోల్టు వంగుతుంది, బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలుతుంది.

చైన్ వదులు 100, 125 సీసీ బండ్లకు ఎక్కువగా 20 నుంచి 30 మి.మీ. మధ్య ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువైన చోట కొలవండి. కొన్ని చోట్ల బిగువు, కొన్ని చోట్ల వదులు ఉంటే చైన్, స్ప్రాకెట్ల (చైన్ పళ్ల చక్రాల) సెట్టు మొత్తం మార్చాలి. వెనక హబ్బు రబ్బర్లు అరిగితే స్ప్రాకెట్‌ని చేత్తో తిప్పినప్పుడు టకటక ఆడుతుంది. స్లో ఎంత ఉందో కూడా చూడండి: స్ప్లెండర్ తరహా ఇంజన్‌కి నిమిషానికి 1400 చుట్లు, అటూఇటూ 100. అంతకన్నా తక్కువ పెట్టి "మైలేజీ కోసం" అని చెప్పడం వల్ల సిగ్నల్ దగ్గర అద్దాలు వణుకుతాయి. కార్బొరేటర్ బండిలో ఇన్సులేటర్ (కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ముక్క) దగ్గర గాలి లీకైనా ఇదే లక్షణం. బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ 1 తర్వాతి ఇంజెక్షన్ బండ్లలో స్కానర్ (బండి కంప్యూటరులోని లోపాలు చదివే పరికరం) పెట్టకుండా ఊహతో పార్టులు మార్చవద్దు.

ఇవన్నీ సరిగా ఉన్నాయంటేనే క్రాంక్. పిస్టన్ తీసి, దాన్ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్‌ని నిలువుగా లాగితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కకి కొంచెం ఆడటం సహజం. బిగ్ ఎండ్ (రాడ్ కింది చివర బేరింగు) మార్చి ప్రెస్ చేసిన క్రాంక్‌ని డయల్ గేజ్ (వంకర కొలిచే ముల్లు పరికరం) పెట్టకుండా ఇంజన్‌లో వేయకండి. రన్-అవుట్ (తిరిగేటప్పుడు కనబడే వంకర) 0.05 మి.మీ. లోపుకి తేవాలి, 0.10 దాటితే లేతుకి వెనక్కి పంపండి. మాగ్నెట్ (క్రాంక్ చివర ఉండే అయస్కాంత చక్రం) తీయడానికి పుల్లరే వాడండి. సుత్తి దెబ్బకి క్రాంక్ వంగుతుంది, మాగ్నెట్ కూర్చునే ఏటవాలు చివర (టేపర్) చెడుతుంది. టేపర్ సరిగా పట్టకపోతే మాగ్నెట్‌ని నిలిపే చిన్న ఇనప ముక్క (కీ) తెగి స్పార్క్ టైమింగ్ జరిగిపోతుంది.

శిబిరానికి తన లేతు ఆపి క్రాంక్ సరిచేయడం చూపించిన పెద్దాయనకి, కాటా, పిస్టన్ సెట్లు తెచ్చిచ్చిన స్పేర్ పార్టుల వ్యాపారులకి, లెక్క వివరించిన ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ గారికి, టార్క్ రెంచులు ఇచ్చిన సభ్యులకి, షామియానా వారికి, రోజంతా టీ పోసిన తమ్ముడికి, ఓపిగ్గా బండ్లు వదిలివెళ్లిన డెలివరీ కుర్రాళ్లకి సంఘం తరఫున కృతజ్ఞతలు. బండ్లు కడిగి వరసలో పెట్టిన హెల్పర్ పిల్లల పేర్లు నోటీసు బోర్డులో పెట్టాం. వాళ్లు లేకపోతే శిబిరం నడిచేది కాదు.

ఒక మాట చెప్పక తప్పదు. వస్తామని పేర్లు రాయించుకున్న సభ్యుల్లో సగం మంది కూడా రాలేదు, ఫోనూ ఎత్తలేదు. పొద్దున షామియానా కట్టినవాళ్లే రాత్రి విప్పారు. ముఖ్య అతిథిగా ఒప్పుకున్న అధికారి కోసం ప్రారంభం ఆపి కూర్చున్నాం. ఆయన రాలేదు, కబురూ లేదు. పనిచేసే వాళ్ల పొద్దు అలా పోవడం బాధ కలిగించింది. ఇకముందు ఎవరి కోసమూ పని ఆపకూడదని కార్యవర్గం నిర్ణయించింది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు జతచేశారు, ఆడిట్ సంతకం అయింది. చందా బాకీ ఉన్నవారు సమావేశం లోపు చెల్లించగలరు.

వచ్చే ఏడాదికి ప్రతిపాదనలు రెండే: మాగ్నెట్ స్టాండుతో రెండో డయల్ గేజ్ కొనడం, ఇంజెక్షన్ బండ్ల స్కానర్ మీద శిక్షణ పెట్టడం. సంఘం డయల్ గేజ్, 8 ఎంఎం టార్క్ సెట్టు తీసుకెళ్లిన సభ్యులు రిజిస్టరులో సంతకం చేసి ఆఫీసులో అప్పగించాలి. అవి లేక మిగతావారి క్రాంక్ పనులు ఆగి ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి