ఆటోమేటిక్కే తీసుకో మామా, కానీ దిగేటప్పుడు ఎట్లో విను

ఒరే మామా,

ఎట్లుండావు, ఇంట్లో అందరూ బాగుండారా? నీ మెసేజ్ చూసి ఫోన్ చేద్దామనుకున్నా కానీ ఇది ఫోన్లో తెమిలే యవ్వారం కాదు, అందుకే తీరిగ్గా కూర్చొని రాస్తా ఉండా. బంగారుపాళ్యం తోటకి పోయేదానికి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలూ లాగే బండి) కొనాలనుకున్నావు, మంచిపని. గేర్లు మనమే మార్చే మాన్యువలా, దానంతట అదే మార్చుకునే ఆటోమేటిక్కా అని అడిగినావు. నలుగుర్ని అడిగితే నలుగురూ మాన్యువలే అన్నారన్నావు కదా, నేను మాత్రం ఆటోమేటిక్ అనే చెప్తా, మొత్తం విన్నాక నీ ఇష్టం.

మీ తోట కాడ గుట్ట ఎక్కే దారి, వాన పడితే మట్టంతా కొట్టుకుపోయి గుండ్లు బయటపడతాయే, ఆడ మాన్యువల్ బండి ఎట్లా ఎక్కుతాదో ఒకసారి అనుకో. ముందు టైరు గుండుకి తగిలి నిలబడిపోతాది, యాక్సిలేటర్ ఇచ్చి క్లచ్ సగం వదిలి ఎక్కించాల, టైరు పైకెక్కీ ఎక్కంగానే బ్రేక్ మీదకి కాలు రావాల, లేదంటే అవతల దభీమని పడి బండి అడుగు తగులుతాది. మూడు పెడల్స్, రెండు కాళ్ళు. కొంచేపు అట్లా హాఫ్ క్లచ్‌లో ఆడిస్తే ప్లేటు కాలిన వాసన లోపలికే వచ్చేస్తాది. అదే ఆటోమేటిక్ అయితే ఎడమకాలు మెల్లిగా బ్రేక్ మీద, కుడికాలు యాక్సిలేటర్ మీద పెట్టి రెండూ సర్దుకుంటా పోతే టైరు గుండెక్కి అవతలకి మెత్తగా దిగుతాది, ఇంజన్ ఆఫ్ అయ్యే భయమే లేదు. (రెండుకాళ్ళ పని తోటలోనే, రోడ్డు మీద వద్దు. కొన్ని బండ్లు రెండూ కలిపి తొక్కితే యాక్సిలేటర్ కట్ చేసేస్తాయి, అది కూడా చూసుకో.)

ఇదంతా టార్క్ కన్వర్టర్ చలవ, అంటే ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌కి బదులు ఉండేది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతాది చూడు, అట్లనే, గాలికి బదులు లోపల ఆయిలు. చక్రం ఆగిపోయినా ఇంజన్ తిరుగుతానే ఉంటాది, పైగా ఆ నిదానంలోనే టార్క్‌ని, అదే చక్రాన్ని తిప్పే బలాన్ని, పెంచి పంపిస్తాది. అందుకే షోరూంలో ఆటోమేటిక్ అనంగానే తలూపొద్దు, ఏ ఆటోమేటిక్కో అడుగు. ఏఎంటీ అంటే లోపల మామూలు క్లచ్చే, నీ కాలికి బదులు మిషన్ తొక్కుతాది అంతే, గుట్ట మీద పాక్కుంటా పోతే అదీ కాలుతాది. మహీంద్రా థార్‌లో, మారుతి జిమ్నీలో వచ్చేది టార్క్ కన్వర్టరే, థార్‌కి 6 గేర్లు, జిమ్నీకి 4. ఫోర్స్ గూర్ఖాలో ఆటోమేటిక్ రాదు, కానీ దాంట్లో ముందూ వెనకా రెండు డిఫరెన్షియల్ లాకులూ (ఒక టైరు గాల్లోకి లేచినా పక్క టైరు లాగేట్టు చేసేవి) ఉండాయి, ఆ ఒక్కదానికి నాకు ఆ బండంటే గౌరవం.

గేర్‌బాక్స్ కన్నా ముందు చూడాల్సింది ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలనీ నిదానంగా, ఎక్కువ బలంతో తిప్పే ఇంకో గేరు. అది వేస్తే చక్రాలని గుంజే బలం జిమ్నీకి రెట్టింపు, థార్‌కి ఇంచుమించు రెండున్నర రెట్లు, స్పీడ్ ఆ లెక్కనే తగ్గుతాది. అది లేని బండి ఏ గేర్‌బాక్స్‌తో వచ్చినా మీ గుట్టకి పనికిరాదు.

ఇంక దిగేది. ఈడ మాన్యువలే మేలు, ఒప్పుకోవాల్సిందే. ఫోర్ లోలో ఫస్ట్ గేర్ వేసి క్లచ్ ముట్టుకోకుండా వదిలేస్తే ఇంజనే బండిని పట్టుకుంటాది. ఆటోమేటిక్‌ని డి లో (మామూలుగా నడిపే డ్రైవ్‌లో) వదిలేస్తే గేర్లు మార్చుకుంటా జారిపోతాది, కాబట్టి జిమ్నీ అయితే లివర్ ఎల్ (లో గేర్) లోకి, థార్ అయితే మాన్యువల్ మోడ్‌లో ఫస్ట్‌కి తెచ్చి దిగు. తిరుమల నుంచి దిగే దారిలో, అదే 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డులో, ముందు బండి బ్రేక్ లైట్ ఆరకుండా వెలగడం ఎన్నిసార్లు చూశామో, ఆ బండి చక్రాల దగ్గరే కాలిన వాసన. ఆడ కొండ దిగేదానికి 40 నిమిషాలు పట్టాలని రూలే ఉంది, తొందర లేదు, చిన్న గేర్‌లో నిదానంగా రా.

ఎక్కుతా సగంలో ఆగిపోయినావనుకో, ఏ బండైనా సరే, న్యూట్రల్‌లో మాత్రం వెనక్కి జారనియ్యొద్దు, స్టీరింగ్ పక్కకి తిప్పొద్దు, అడ్డం తిరిగితే పల్టీనే. ఇంజన్ ఆఫ్ అయితే బ్రేక్ బూస్టర్ (మన తొక్కుకి బలం కలిపేది) ఒకటి రెండు తొక్కులకే అయిపోతాది, కాబట్టి ఒకే తొక్కు గట్టిగా తొక్కి పట్టుకో. రివర్స్ వేసి వచ్చిన దారినే నేరుగా వెనక్కి దిగిపో. మాన్యువల్‌లో దీనికి కాళ్ళూ చేతులూ ఒకేసారి ఆడాల, ఆ టెన్షన్‌లో.

మీ నాయన పాత జీపు నడిపిన మనిషి, బ్యాటరీ దిగితే నలుగురు తోస్తే స్టార్టయ్యేది మాన్యువలే అంటాడు, ఆయన మాట నిజం. ఆటోమేటిక్ తోస్తే స్టార్ట్ కాదు. దానికి డిక్కీలో జంప్ స్టార్టర్ (బండి స్టార్ట్ చేసే చిన్న బ్యాటరీ) ఒకటి పెట్టుకో. ఏటి ఇసకలో ఎక్కువసేపు గుంజులాడితే గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కి లైటొస్తాది, అప్పుడు ఇంజన్ ఆన్‌లోనే పార్క్‌లో పెట్టి చల్లారనీ. నువ్వు మనుషులే లేని చోటికి ఒంటరిగా వారాల తరబడి పోయే రకం అయ్యుంటే నేనూ మాన్యువలే చెప్పేవాణ్ణి. నువ్వు పోయేది తోటకి, మిగతా రోజులన్నీ చిత్తూరు ట్రాఫిక్, ఇంట్లో చెల్లెమ్మ కూడా నడపాల.

లక్ష పైన ఎక్కువవుతాది, తెలుసు. అయినా పెట్టు. ఇంకోటి, శేషాచలం అడవిలోకి బండి దింపుదామని ఎవురన్నా అంటే పోవద్దు, ఎర్రచందనం ఉండే చోటు, ఫారెస్టోళ్ళు ఊరుకోరు, వాళ్ళ పని వాళ్ళు చేస్తా ఉండారు. నేర్చుకునేదానికి మీ తోట చాలు.

టెస్ట్ డ్రైవ్ అంటే బైపాస్ మీద రౌండు కొట్టించి పంపిస్తారు, ఒప్పుకోవద్దు, ఎత్తు ఉండే మట్టిరోడ్డు అడుగు, ఫోర్ లో నువ్వే వేసి చూడు. ఆదివారం అయితే నేనూ తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరి వస్తా, ముందురోజు ఒక ఫోన్ కొట్టు.

నీ
మామ