ఈగ పిల్లని కనడం చూశాన్రా

ఒరే చంటిగా,

ముందు తిట్టేసెయ్, తర్వాత చదువు. జవాబు రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్లు లాగేశాను, సాకులు చెప్పినా నువ్వు నమ్మవు కాబట్టి చెప్పట్లేదు. ఇంట్లో అందరూ బానే ఉన్నారు, నా నడుం నొప్పి తగ్గింది, సైలెన్సర్ గారు ఇంకా అలాగే ఉన్నారు. అయిపోయింది కుశలప్రశ్నల సెక్షన్.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ల్యాబ్‌లో ట్సెట్సీ ఈగ పిల్లని కనడం చూశాన్రా. గుడ్డు పెట్టడం కాదు, కనడం! మన పుస్తకంలో దీని గురించి ఒక్క లైను ఉండేది గుర్తుందా, ఆఫ్రికాలో ఉంటుంది, కుడితే నిద్ర జబ్బు వస్తుంది, అంతే, బట్టీ పట్టి రాసేశాం. ఆ ఒక్క లైను వెనక ఇంత కథ ఉందని ఎవడైనా చెప్పాడా మనకి?

పంజరం వల మీద ఒక ఆడ ఈగ కదలకుండా నిలబడి ఉంది, పొట్ట చూస్తే పగిలిపోతుందేమో అన్నట్టుంది. వెనక నుంచి ముందు రెండు నల్లటి బుడిపెలు కనబడ్డాయి. నేను అదేదో జబ్బనుకున్నా. అవి లార్వా, అంటే ఇంకా పురుగులా ఉండే పిల్ల, ఊపిరి పీల్చుకునే భాగాలట, లోపలున్నప్పుడు కూడా వాటితోనే పీలుస్తుందట. తర్వాత మెల్లగా తెల్లటి లార్వా మొత్తం బయటికొచ్చి, వల సందులోంచి కింద ట్రేలో టప్పున పడింది. తల్లి అంత ఉందిరా అది! నిజంగానే దాదాపు తల్లి బరువే ఉంటుందట. అరవై కిలోల ఆవిడ అరవై కిలోల బిడ్డని కని లేచి నడిచెళ్లిపోయినట్టు. నేను నోరెళ్లబెట్టి చూస్తుంటే పక్కనున్న సీనియర్ కనీసం తలెత్తలేదు, రోజూ చూసేదే కదా ఆయనకి.

లోపల ఏం జరుగుతుందో విను. ఒకసారికి ఒకే గుడ్డు, అది గర్భాశయంలోనే పొదుగుతుంది, లార్వా అక్కడే పెరుగుతుంది, తల్లి పాలిస్తుంది. పాలేరా, ఇక్కడందరూ నవ్వకుండా పాలనే అంటారు. పొట్టంతా కొమ్మల్లా అల్లుకున్న ఒక గ్రంథి ఉంటుంది, దాన్లోంచి వచ్చే పాలలో కొవ్వూ ప్రోటీనూ ఇంచుమించు సగంసగం. మన పాలలో ఉండే స్ఫింగోమైలినేజ్ అనే ఎంజైమ్ లాంటిదే ఇందులోనూ ఉందట! పాలివ్వడమనేది మాత్రం మనమూ ఈగా ఎవరి దారిన వాళ్లం కనిపెట్టుకున్నాం. కనగానే ఆ గ్రంథి కుంచించుకుపోతుంది, తర్వాతి బిడ్డకి మళ్లీ పెరుగుతుంది.

బయటపడ్డ లార్వా ఇక ముద్ద ముట్టదు. గబగబా మట్టిలోకి దూరుతుంది, కాసేపటికే చర్మం గట్టిపడి గోధుమరంగు పీపాలా అయిపోతుంది, ఓ నెలకి అందులోంచి ఈగ వస్తుంది. ఆ నెలంతా తల్లి ఇచ్చిన కొవ్వు మీదే బతుకు. వచ్చిన ఈగకి కూడా ఎగిరే కండరాలు పూర్తిగా రావు, కొన్ని విడతలు రక్తం తాగాకే వస్తాయి. రక్తం తప్ప ఇంకేం తినదు కదా, ఆడా మగా రెండూ కుడతాయి. దోమల్లో మగవాడు అమాయకుడు, ఇక్కడ ఆ వేషాలేం లేవు.

తాగడం చూస్తే ఇంకో వింత. తన బరువుకి మించి తాగేసి వెంటనే అందులో నీళ్లు బయటికి వదలడం మొదలుపెడుతుంది, లేకపోతే ఎగరలేదుగా. ఎగరడానికి వాడేది కూడా చక్కెర కాదు, ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం. రక్తంలో ఉండేది ప్రోటీనే కదా, దాన్నే ఇంధనం చేసుకుంది. కానీ ఆ నిల్వ కాసేపే, అందుకే ఎక్కువ సమయం ఎక్కడో నీడన కూర్చునే ఉంటుంది. (ఎవరో గుర్తొచ్చారు కదూ? పేరు రాయను.)

ఉత్త రక్తంలో బి విటమిన్లు సరిపోవు, వాటికోసం పేగు దగ్గర విగుల్స్‌వర్తియా అనే బ్యాక్టీరియాని పెంచుకుంటుంది. బిడ్డకి అది కూడా పాలల్లోనే అందుతుంది. యాంటీబయాటిక్ పెట్టి దాన్ని చంపేస్తే ఆ ఈగకి ఇక పిల్లలుండరు. ఇది చదివాక ఎందుకో కాసేపు మనసు అదోలా అయింది, జబ్బులు మోసే ఈగ మీద జాలేంటని నవ్వకు, అయినా...

సరే వదిలెయ్. మామూలు ఈగ వందల గుడ్లు పెడుతుంది, ఇది పది రోజులకి ఒక్కదాన్ని కని, జీవితం మొత్తంలో మహా అయితే ఎనిమిదో పదో. అదే దీని బలహీనత. రోజుకి మూడు నాలుగు శాతం ఆడ ఈగలు అదనంగా చచ్చినా చాలు, ఆ జాతి అక్కడ నెమ్మదిగా తుడిచిపెట్టుకుపోతుంది. నీలం గుడ్డలతో ఉచ్చులు పెట్టేది అందుకే, ఆ రంగు చూస్తే ఆగలేవు ఇవి. పైగా ఆడది మామూలుగా ఒకేసారి జతకడుతుంది, ఆ ఒక్కడూ గామా కిరణాలు పట్టించి పిల్లలు పుట్టకుండా చేసిన వాడైతే కథ ముగిసినట్టే. జాంజిబార్‌లోని ఉంగూజా దీవిలో అలాగే మగ ఈగల్ని వదిలి వదిలి 1997కల్లా పూర్తిగా పోగొట్టారు. మరి ఖండం మొత్తం మీద అలా ఎందుకు కుదరట్లేదు అంటావా, అడవి వేరు దీవి వేరు, చుట్టుపక్కల నుంచి మళ్లీ వచ్చేస్తాయి, ప్యూపా, అదే ఆ గోధుమరంగు పీపా, భూమిలో ఉంటుంది కాబట్టి మందు కొట్టినా తగలదు, ఇంకా చాలా ఉంది దీని మీద నేను...

నీకోసం బొమ్మ గీద్దామనుకున్నా గానీ నువ్వు గీసిన ఆ మూడుకాళ్ల బొద్దింక గుర్తొచ్చి చెయ్యి ఆడలేదు. గుర్తుపట్టడం మాత్రం తేలికే, వాలినప్పుడు రెక్కలు ఒకదానిమీద ఒకటి పూర్తిగా మడుస్తుంది, మూతి ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, రెక్క మధ్యలో చిన్న గొడ్డలి ఆకారం ఉంటుంది.

అయ్యో పిలుస్తున్నారు, ట్రేలు మార్చాలి, రక్తం వేడి చెయ్యాలి. సోడాలిస్ అని ఇంకో బ్యాక్టీరియా గురించి చెప్పనేలేదు, అది మళ్లీ రాస్తా. నువ్వు మాత్రం నాలా ఆలస్యం చెయ్యకు.

నీ
బుజ్జిగాడు