బీచ్ రోడ్డులో ధర లేని చేపలు

సంపాదకుడికి,

ఆ మధ్య మీ జిల్లా అనుబంధంలో విశాఖ బీచ్ రోడ్డు హోటళ్ల గురించి అరపేజీ వేశారు. ఫొటోలు బాగున్నాయి. ధరలు మాత్రం ఒక్కచోటా లేవు. మీ విలేకరిని తప్పు పట్టను. మెనూ కార్డులోనే లేని ధర ఆయన ఎక్కడ నుంచి తెస్తారు?

పప్పుకూ పెరుగన్నానికీ రూపాయితో సహా ధర అచ్చు వేసేవారు చందువ, వంజరం, పీతల దగ్గరకు వచ్చేసరికి 'సైజును బట్టి' అని ఊరుకుంటారు. ఎంత సైజుకు ఎంత అన్నది తిన్న తరువాత తెలుస్తుంది. ఈ మే నెలలో హైదరాబాద్ నుంచి మా వియ్యాలవారు వస్తే అటువంటి హోటలుకే తీసుకువెళ్లాను. పేరు రాయను, రాసినా మీరు కొట్టేస్తారు. రెండు చందువలకు 3,400 రూపాయలు వేశారు. తూకం ఎంత అని అడిగితే వంటింట్లో తూచామన్నారు. పొలుసు తీయక ముందా, తీశాకా అని అడిగితే మేనేజరును పిలిచారు. ఆయన వచ్చి నవ్వారు. వియ్యంకుడి ఎదుట చేప తూకం గురించి ఎంతసేపని వాదిస్తాం? ఆ మొహమాటమే వీళ్లకు పెట్టుబడి.

ఇంతకూ ఆ చేపలు ఎక్కడివి? 'ఈ ఉదయం మన సముద్రంలో పట్టినవి' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధమని మత్స్యకారులుండే జాలారిపేటలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మరపడవలన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి. తెడ్డు వేసుకుని వెళ్లే తెప్పలకు మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ ఆ తెప్పలు తెచ్చేది బీచ్ రోడ్డు హోటళ్లన్నిటికీ పూటపూటా సరిపోతుందా? పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గాని మొదలు కాదు కనుక, ఐసు పెట్టెల్లో అటునుంచి వచ్చిన సరుకు అయి ఉండవచ్చు, లేదా మన జిల్లాల చెరువుల్లో పెంచినదైనా కావచ్చు. రెండూ తినదగినవే. అదే మాట గోడ మీద రాస్తే పోయేదేముంది?

బిల్లు చివర 'సిబ్బంది సంక్షేమం' అని ఇంకో పది శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ! సర్వీసు చార్జీని బిల్లులో తమంతట తాము కలపరాదని, పేరు మార్చి కూడా వసూలు చేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. ఈ సంగతి మేనేజరుకు చెబితే, "అది ఢిల్లీ కదండీ" అన్నారు.

సాగరతీరంలో చేపలు అమ్ముకునే ఆడవాళ్లను చూడండి. గంప దించి, చేప మొప్ప ఎత్తి చూపించి, ముందు ధర చెప్పి, మన కళ్ల ముందే కోసి ఇస్తారు. బేరం కుదరకపోతే నాలుగు మాటలు అంటారు, అది వేరే సంగతి. ట్రాఫిక్‌కు అడ్డమని వాళ్ల గంపలు తీయిస్తారు గాని, కాలిబాట మీద కుర్చీలు వేసుకున్న హోటలు వైపు ఎవరూ తొంగి చూడరు. రెండు నెలలు వేటకు వెళ్లకుండా కూర్చున్నందుకు మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 20,000 రూపాయలు. మేము ఆరుగురం ఒక్క పూట తిన్న బిల్లు అందులో మూడో వంతుకు పైగా వచ్చింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఫిర్యాదు చేద్దామని ఒక కార్యాలయానికి వెళ్లాను. తూకం సంగతి తమది కాదన్నారు. తూకం చూసేవారు ధర సంగతి తమది కాదన్నారు. శుభ్రత చూసేవారు 'తిని బాగానే ఉన్నారు కదా' అన్నారు. పర్యాటకం పేరు చెప్పి నగరమంతటా బోర్డులు పెట్టేవారికి మాత్రం ఇది ఎవరికో పుట్టిన బిడ్డ. ఇక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, చూద్దాం.

మన అధికారుల తీరే అంత. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు జెండా, వస్తే సంబరాలు చేసుకున్నాం. తరువాత చెత్త పేరుకుపోయి 2025లో ఆ జెండా దించేశారని పత్రికల్లో పడ్డాక గాని చీపుళ్లు కదలలేదు. మళ్లీ జెండా ఎగిరింది, సంతోషం. హోటళ్ల మీద దించడానికి జెండా కూడా లేదు.

నేను పెద్ద కోరికలేమీ కోరడం లేదు. చేపలు అమ్మే ప్రతి హోటలు ముందు ఆ రోజు కిలో ధర తెలుగులో రాసిన పలక ఉండాలి. ముద్ర వేయించిన కాటా వంటింట్లో కాక బల్లల మధ్య ఉండాలి. చేప ఎక్కడిదో అడిగితే చెప్పాలి. జూన్ 15 నుంచి మన పడవలు మళ్లీ కడలిలోకి వెళతాయి. ఆ రోజు నుంచే ఇది అమలు చేయిస్తామని జిల్లా యంత్రాంగం మీ పత్రికలోనే ఒక ప్రకటన ఇస్తే చాలు. మీరు కూడా ఈసారి అరపేజీ వేసేటప్పుడు ఫొటో కింద ధర వేయండి.

— ఒక విశ్రాంత ఉద్యోగి,
పెద వాల్తేరు, విశాఖపట్నం