బోర్డు మెరుస్తోంది, నీళ్లు రావడం లేదు

అయ్యా,

మా బస్తీ ప్రభుత్వ బడిలో ఒక కంపెనీ మూడేళ్ల కిందట మంచినీటి ప్లాంటు పెట్టించింది. రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు. ఫిల్టర్ మార్చే దిక్కు లేక ఏడాదికే అది మూలపడింది. దాత పేరున్న బోర్డు మాత్రం ఇప్పటికీ తళతళలాడుతోంది. పిల్లలు ఇంటి నుంచి సీసాలు మోసుకొస్తున్నారు.

ఒకప్పుడు కంపెనీల దానం యజమాని ఇష్టం. 2005లో 108 అంబులెన్సు ఇక్కడే, హైదరాబాద్‌లో, సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు చొరవతో మొదలైంది. ఏ చట్టమూ అడగలేదు. 2009లో ఆయన నడిపిన సత్యం కంపెనీ దొంగ లెక్కల బాగోతమూ ఇక్కడే బయటపడింది. (అంబులెన్సు పుణ్యం వాటాదారుల ఖాతాలో జమ కాదు కదా!)

2014 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం 135వ సెక్షన్ అమల్లోకొచ్చింది. నికర లాభం 5 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర విలువ (అప్పులు పోగా మిగిలే ఆస్తి) 500 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. మొదట్లో చేయకపోతే కారణం రాస్తే సరిపోయేది. 2021 నుంచి మిగిలిన సొమ్మును ప్రత్యేక ఖాతాకో, చట్టం చెప్పిన నిధికో మళ్లించకపోతే జరిమానా.

సొమ్ము ఖర్చయిందా అని అడుగుతున్నారు, సరే. కుళాయి తిరుగుతోందా అని అడిగేదెవరు? ప్రభావ మదింపు, అంటే పనివల్ల మేలు జరిగిందా అని చూడటం, తప్పనిసరి అయింది పెద్ద కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన పెట్టిన పనులకే. మా ప్లాంటు ఆ లెక్కలోకి రాదు.

ప్రారంభోత్సవం రోజే అయిదేళ్ల నిర్వహణ ఒప్పందం కూడా కుదుర్చుకోవాలి. యంత్రం పనిచేస్తోందని ఏటా ప్రధానోపాధ్యాయుడి సంతకం తీసుకోవాలి. బోర్డు మీద కంపెనీ పేరు కింద ఫిర్యాదు నంబరూ రాయించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బోరబండ, హైదరాబాద్