బొమ్మ విమానం కొనేముందు బరువు చూడండి

సంపాదకుల వారికి,

నమస్కారం. వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, తిరుపతి, చిత్తూరు బొమ్మల అంగళ్లలో రిమోట్ విమానాల పెట్టెలు వరసగా వచ్చి కూర్చుంటాయి. పిల్లలు అడుగుతారు, పెద్దవాళ్లకూ సరదాగానే ఉంటుంది, కొనేస్తారు. వాటిలో చాలా విమానాలు మొదటి ఆదివారమే ముక్కు విరిగి అటకెక్కుతాయి. ఇంట్లో వాళ్లు పిల్లవాడిని తిడతారు. నిజానికి ఆ పెట్టెలోని విమానాన్ని అనుభవం ఉన్నవాళ్లు ఎగరేసినా కష్టమే. తక్కువ ఖర్చుతో, పొద్దున పూట ఖాళీ నేలలో తీరిగ్గా ఎగరేసుకోవడానికి ఏ విమానం పనికొస్తుందో, ఏది రాదో మీ పాఠకులకు వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

పెట్టె మీద యుద్ధవిమానం బొమ్మ ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. కురచ రెక్కలు, మొనదేలిన ముక్కు చూడముచ్చటగా ఉంటాయి. కానీ కురచ రెక్క గాలిలో నిలవాలంటే వేగం కావాలి. ఆ వేగంలో కొత్తవాళ్లకు రిమోట్ మీది ఏ స్టిక్ (పుల్ల) ఎటు తిప్పాలో ఆలోచించుకునే వ్యవధి ఉండదు. వెతకాల్సింది పొడవాటి, వెడల్పాటి రెక్క. అది ఒంటికి పైన అమర్చి ఉండాలి. ఎదురుగా నిలబడి చూస్తే రెక్క కొసలు రెండూ కాస్త పైకి లేచి ఉండాలి. ఇలాంటి విమానం ఒక పక్కకు ఒరిగినా, స్టిక్ వదిలేస్తే తనంతట తానే సర్దుకుంటుంది. డబ్ల్యూఎల్ టాయ్స్ వాళ్ల ఎఫ్949 ఈ కోవలోదే. సెస్నా 182 అనే నిజం చిన్న విమానం ఆకారం, అర మీటరు రెక్క, మూడు ఛానళ్లు (అంటే రిమోట్‌తో విడివిడిగా నడిపించగలిగేవి మూడు). వొలాంటెక్స్ వాళ్ల స్పోర్ట్ కబ్ 500 కూడా దాదాపు అదే సైజు. పేరు ఏదైనా, కింద చెప్పిన లెక్క సరిపోతే కొనవచ్చు.

లెక్క చాలా సులువు. బ్యాటరీతో సహా విమానం బరువు ఎన్ని గ్రాములో తెలుసుకోండి. రెక్క పొడవును వెడల్పుతో గుణిస్తే చదరపు సెంటీమీటర్లు వస్తాయి. ప్రతి 100 చదరపు సెంటీమీటర్ల రెక్కకు ఎంత బరువు పడుతోందో చూడండి. ఉదాహరణకు 50 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క 450 చదరపు సెంటీమీటర్లు. విమానం 60 గ్రాములైతే వందకు 13 గ్రాములు చిల్లర. ఇది గంటకు రమారమి 18 కిలోమీటర్ల వేగంలో కూడా గాలిలో నిలుస్తుంది, అంటే సైకిల్ తొక్కే వేగం. అదే లెక్క 25 గ్రాములకు చేరితే కనీస వేగం 25 కిలోమీటర్ల దాకా పోతుంది. చూడటానికి ఏడు కిలోమీటర్ల తేడానే. కానీ నేలను తాకినప్పుడు దెబ్బ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది, పైగా విమానం బరువు కూడా దానికి తోడవుతుంది. కాబట్టి కొత్తవాళ్లు 15 గ్రాముల లోపే ఉండండి. 20 దాటితే వద్దు. పెట్టె మీద బరువు రాసి లేకపోతే అంగడివాళ్లను అడిగి వంటింటి డిజిటల్ త్రాసు లాంటి దాని మీద పెట్టి చూడాలి. ఆన్‌లైన్‌లో అయితే వివరాల్లో 'ఫ్లయింగ్ వెయిట్', అంటే బ్యాటరీతో సహా ఎగిరే బరువు, ఉందేమో చూడండి. పెట్టె మొత్తం బరువు వేసి ఊరుకునేవాళ్లు ఎక్కువ.

ఇక ఛానళ్లు. అతి చవకగా దొరికేవి రెండు ఛానళ్లవి. రెండు రెక్కల మీద రెండు చిన్న మోటార్లు ఉంటాయి. ఒకటి జోరుగా, ఒకటి నెమ్మదిగా తిరగడంతో విమానం మలుపు తీసుకుంటుంది. పైకి లేవాలంటే రెండింటి జోరూ పెంచాలి, దిగాలంటే తగ్గించాలి. ఇందులో ఒక చిక్కుంది. దిగేటప్పుడు మోటార్లు ఆపేస్తే మలుపు తిప్పడానికి ఇంకేమీ మిగలదు. ఎదురుగా చెట్టు వస్తే మోటారు పెంచాల్సిందే, పెంచితే విమానం పైకి లేస్తుంది. గాలి బొత్తిగా లేని పొద్దున్నే వెడల్పాటి మైదానంలో పదేళ్ల పిల్లలు ఆడుకోవడానికి ఇది చాలు. నేర్చుకోవాలనే ఉద్దేశం ఉంటే మూడు ఛానళ్లది కొనండి. మోటారు వేగం, ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక ఎలివేటరు, కుడిఎడమలకు తిప్పే తోక పలక రడ్డరు. ఈ మూడూ వస్తే తర్వాత రెక్కల మీద పక్కలకు ఒరిగించే పలకలు (ఎయిలరాన్లు) ఉన్న నాలుగు ఛానళ్ల విమానానికి మారడం పెద్ద కష్టం కాదు.

విమానం ఒరుగుడును పసిగట్టి సర్దే గైరో ఉన్నవి మంచివే, కాస్త ధర ఎక్కువైనా పర్వాలేదు. అయితే ఒక నియమం పాటించాలి. బ్యాటరీ తగిలించిన వెంటనే విమానాన్ని సమతలంగా ఉన్న చోట పెట్టి, లైటు వెలిగి నిలకడ అయ్యేదాకా కదపకూడదు. చేతిలో పట్టుకుని ఊపుతూ ఆన్ చేస్తే గైరో ఆ వంపునే సమతలం అనుకుంటుంది, ఎగిరాక ఒక పక్కకే లాగుతుంది. అంగడికి వెనక్కి తెచ్చే 'చెడిపోయిన' విమానాల్లో ఇలాంటివి కొన్ని ఉంటాయి.

రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌దే ఉండాలి. పాతరకం 27 మెగాహెర్ట్జ్‌వి పక్కన ఇంకొకరు అదే రిమోట్ ఆన్ చేస్తే గందరగోళం అవుతాయి. ఇన్‌ఫ్రారెడ్‌వి మన ఎండలో పనిచేయవు. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పిల్లలకని కొంటుంటే పెట్టె మీద అది కూడా చూసుకోండి.

ఒళ్లు దేంతో చేశారో వేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. ఈపీపీ ఫోమ్ అయితే వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, నేలకు కొట్టుకున్నా పొట్టు రాలదు. తెల్లటి పూసలు పూసలుగా కనిపించే మామూలు ధర్మాకోల్ తేలిక, చవక, కానీ పుటుక్కున విరుగుతుంది. దాన్ని ఫెవిక్విక్‌తో అంటించబోతే అతకడం అటుంచి అక్కడ గుంట పడుతుంది. ఆ జిగురు ధర్మాకోల్‌ను కరిగిస్తుంది. ఫోమ్ కోసమే తయారైన జిగురు వాడండి, లేదా గ్లూ గన్ తక్కువ వేడిలో పెట్టి పలచగా రాయండి. ఎక్కువ రాస్తే బరువు పెరుగుతుంది. తోక దగ్గర పెరిగిన రెండు గ్రాములు కూడా విమానం తీరును మార్చేస్తాయి.

బ్యాటరీ విషయంలో కాస్త ఓపికగా వినండి. ఈ చిన్న విమానాల్లో ఉండేది ఒక్క సెల్ లిథియం పాలిమర్ బ్యాటరీ. నిండితే 4.2 వోల్టులు, ఎగిరి దిగాక 3.5 దగ్గర ఉండాలి, 3 కంటే తగ్గితే పాడవుతుంది. ఛార్జింగ్ మెల్లగా చేయాలి. 150 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే ఛార్జి కొలత) బ్యాటరీకి 0.15 ఆంపియరు సరైన కరెంటు. పెట్టెలో ఇచ్చే యూఎస్‌బీ ఛార్జర్ల మీద ఎంత కరెంటో చూడండి. 0.5 ఆంపియరు అయితే మూడు రెట్లకు మించి పోతున్నట్టు. బ్యాటరీ వేడెక్కి కొద్ది రోజుల్లోనే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, సూదితో గుచ్చకూడదు. సగటున ఒక ఆంపియరు వాడే విమానంలో 150 ఎంఏహెచ్ బ్యాటరీ 9 నిమిషాలు వస్తుంది. ఏడో నిమిషంలో దించేయండి. ఏప్రిల్, మే నెలల్లో బ్యాటరీలను బండి డిక్కీలో, ఎండలో ఆపిన కారులో వదలకండి. దిగిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. వారం పైన వాడకపోతే 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచాలి.

విమానాలు ఎక్కువగా చచ్చేది గాలిలో కాదు, నేల మీద పడిన తర్వాత. ముక్కు గడ్డిలో దిగబడి ప్రొపెల్లర్ కదలకుండా ఇరుక్కుంటుంది. కంగారులో మోటారు స్టిక్ పైనే ఉంటుంది, లేదా విమానం దగ్గరికి పరిగెత్తుతారు. తిరగలేని మోటారులోకి కరెంటు విపరీతంగా పోయి, కొన్ని సెకన్లలో మోటారు చుట్టలు గానీ సర్క్యూట్ బోర్డు మీద మోటారును నడిపే చిన్న చిప్ గానీ కాలిపోతుంది. ప్రొపెల్లర్ చవకగా దొరుకుతుంది, బోర్డు కాలితే కొత్త విమానం కొన్నట్టే. అందుకని నేలకు తగలబోతోందని తెలిసిన క్షణాన మోటారు సున్నాకు దించడం చేతికి అలవాటు కావాలి. ఇంట్లో ప్రొపెల్లర్ తీసేసి, 'పడుతోంది' అని పక్కవాళ్లు అరవగానే స్టిక్ కిందికి లాగడం సాధన చేయిస్తే పిల్లలకు తొందరగా పట్టుబడుతుంది. ఈ చిన్న మోటార్లలో కరెంటు అందించే బ్రష్‌లు అరిగిపోతాయి కాబట్టి రెండు బ్యాటరీల మధ్య పది నిమిషాలు విరామం ఇవ్వాలి. స్వర్ణముఖి ఇసుకలో దింపితే సన్నటి ఇసుక మోటారులోకి, తోక పలకలను కదిపే సర్వో పళ్లలోకి దూరి తోక వణకడం మొదలవుతుంది. ఇసుక కన్నా పొట్టి గడ్డి నేల నయం.

మొదటిసారి ఎగరేసే ముందు మూడు చూడాలి. బ్యాటరీ పెట్టి, రెక్క ముందు అంచు నుంచి వెడల్పులో నాలుగో వంతు, మూడో వంతు మధ్యన రెండు పక్కలా వేళ్లు ఆనించి ఎత్తండి. ముక్కు సమంగా గానీ రవ్వంత కిందికి గానీ ఉండాలి. తోక కిందికి జారితే బ్యాటరీని ముందుకు జరపండి. తోక బరువైన విమానాన్ని ఎవరూ నిలబెట్టలేరు. రెండోది, రిమోట్‌లో ఎడమకు తిప్పితే రడ్డరు ఎడమకే పోతోందో లేదో విమానం వెనక నిలబడి చూడండి. మూడోది, మార్చిన ప్రొపెల్లర్ మీద అచ్చు వేసిన అంకెలు విమానం ముందువైపుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే మోటారు మోగుతుంది, విమానం లేవదు.

విసిరేటప్పుడు గాలికి ఎదురుగా, సమంగా విసరండి. ఆకాశంలోకి ఎత్తి విసిరితే రెండు మూడు మీటర్లు లేచి వేగం చచ్చి ముక్కు మీద పడుతుంది. మోటారు ముప్పావు వంతు ఉంచి, ముందుగా కొబ్బరి చెట్టు ఎత్తుకు పైన చేరాక మలుపులు మొదలుపెట్టండి. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. కింద ఉన్న రెక్క ఎటువైపు కనిపిస్తోందో స్టిక్ అటే తోయండి, సర్దుకుంటుంది. ముక్కు పైకెత్తి నెమ్మదించి తూగుతుంటే ఎలివేటరు స్టిక్ వెనక్కి లాగకండి, కొద్దిగా ముందుకు తోసి వేగం రానివ్వండి. ఎప్పుడూ గాలి వచ్చే దిక్కున ఎగరేయండి, అప్పుడు తేడా వచ్చినా గాలే మన దగ్గరికి తెస్తుంది.

గాలి ఎంత ఉండవచ్చు? వేపాకు కదులుతున్నా రెమ్మ ఊగకూడదు. మన వైపు పొద్దున ఆరున్నర, ఎనిమిదిన్నర మధ్య సమయం బాగుంటుంది. ఎండ ముదిరితే నేల నుంచి లేచే వేడిగాలి 60 గ్రాముల విమానాన్ని ఎత్తుకుపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి పొద్దెక్కేకొద్దీ జోరందుకుంటుంది. నిడివి 100 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు ఉన్న చోటు సరిపోతుంది. వేరుశనగ పెరికిన చేను, ఎండిన చెరువు, క్రికెట్ జట్లు రాకముందు మైదానం. చేను అయితే రైతును అడిగి వెళ్లండి. చిత్తూరు, బంగారుపాళెం వైపు మామిడి తోటల పక్కన మాత్రం వద్దు, కొమ్మల్లో పడిన విమానం కోసం కర్రలు విసిరి కాయలు రాల్చే పరిస్థితి వస్తుంది. కరెంటు తీగల మీద చిక్కుకుంటే వదిలేసి విద్యుత్ సిబ్బందికి చెప్పండి, పిల్లల్ని స్తంభం దగ్గరికి పోనివ్వకండి.

నిబంధనలు తెలిసి ఉండాలి. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకు తక్కువ బరువున్నవి నానో తరగతి, వాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రేణిగుంట విమానాశ్రయం దగ్గర ఎక్కడ ఎంత ఎత్తుకు అనుమతి ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఉంటుంది. ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకానే గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోటు. చిన్న విమానాన్ని 100 అడుగులు దాటించే పనే లేదు, దాటితే ఎటు వంగిందో కంటికి ఆనదు. తిరుమలలో డ్రోన్లు నిషేధం. దర్శనానికి పోయేవాళ్లు అలిపిరి తనిఖీ దగ్గర ఇది బొమ్మేనని వాదించే పని పెట్టుకోకుండా ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

డబ్బు సంగతికి వస్తే, మొత్తం 5,000 రూపాయలు అనుకుంటే విమానానికి 3,500 మించనివ్వకండి. మిగిలినదాంతో రెండు అదనపు బ్యాటరీలు, నాలుగు ప్రొపెల్లర్లు, కరెంటు తగ్గించుకునే వీలున్న ఛార్జరు వస్తాయేమో చూడండి. ప్రొపెల్లర్, బ్యాటరీ విడిగా దొరకని మోడల్‌ను సగం ధరకు ఇచ్చినా కొనకండి.

మా మనవి అంగడివాళ్లకు కూడా. పెట్టె పక్కన చిన్న చీటీ మీద ఎగిరే బరువు, రెక్క కొలత, ఎన్ని ఛానళ్లు అనేవి రాసి అంటించండి. ప్రతి మోడల్‌కూ పది ప్రొపెల్లర్లు, నాలుగు బ్యాటరీలు తెప్పించి ఉంచండి. ఎగరేయగలిగిన పిల్లవాడు రెండు నెలలకు బ్యాటరీ కోసం మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

ఇట్లు,
చిన్న విమానాలు ఎగరేసే కొందరు,
తిరుపతి