పాత బేస్ గిటార్‌కు కొత్త పికప్‌లా?

సంపాదకులకు నమస్కారం.

పాతకాలపు ఎలక్ట్రిక్ బేస్ గిటార్ ధ్వని కాస్త మందగించగానే పికప్‌లు (తంత్రుల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మలిచే భాగాలు) మార్చేయాలన్న తొందర నాకు సబబుగా తోచదు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు మొదట ఒకే తీగచుట్ట ఉన్న పికప్ ఉండేది. 1957లో దానిని రెండు భాగాలు చేసి, చుట్టలను, అయస్కాంత ధ్రువాలను పరస్పరం వ్యతిరేకంగా అమర్చడంతో కరెంటు రొద రద్దయి, తంత్రుల నాదం మాత్రం నిలిచింది. అంతకుముందరి వాయిద్యంలో ఆ రొద లోపం కాదు, నిర్మాణ స్వభావమే.

ముందుగా తంత్రులు మార్చి, పికప్ ఎత్తు సరిచేసి చూడాలి. తప్పనిసరైతే, చెక్కను తొలచకుండా ఉన్న గుంతలోనే ఇమిడేదాన్ని ఎంచుకుని, పాతదాన్ని తీగలు కత్తిరించక టంకం కరిగించి విడదీసి భద్రపరచాలి. విప్పకముందే ఫొటో తీసుకోవాలని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు